ఒకే పుచ్చు పన్ను, మూడు క్లినిక్‌లు, మూడు వైద్యాలు: పంటి పల్ప్ చికిత్సల సంగతి

మా అక్క కింది దవడ పన్ను పోయిన ఎండాకాలం నుంచి ఇబ్బంది పెడుతోంది. మొదట్లో ఐస్‌క్రీమ్ తింటే జివ్వుమనేది, అంతే. దసరా వచ్చేసరికి ఇరానీ చాయ్ ఒక్క గుక్క వేస్తే పోటు మొదలై పావుగంట దాకా తగ్గేది కాదు. రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టర్ చూసి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు. కొత్తపేటలో ఇంకొకరు, నరం మొత్తం తీయక్కర్లేదు, పైభాగం తీస్తే చాలు, దాన్ని పల్పాటమీ అంటారు అన్నారు. మూడోచోట, పన్ను ఒకవైపు గోడ చాలావరకు పోయింది కాబట్టి పీకించి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకోవడమే మేలన్నారు. ఒకటే పన్ను, ఒకటే ఎక్స్-రే. ఇంటికి వచ్చి అక్క అడిగిన మొదటి మాట: "ముగ్గురిలో ఎవరు మోసం చేస్తున్నార్రా?"

ఎవరూ చేయకపోవచ్చు. ఆ మాట ఆమెకు నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది. దానికోసం చదివినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, "రూట్ కెనాల్ అక్కర్లేదు" అని ఒక రీల్, "రూట్ కెనాల్ వల్ల ఒళ్లంతా జబ్బులు" అని ఇంకో రీల్. పంటి నొప్పితో నిద్రలేని మనిషికి వీటివల్ల టెన్షన్ పెరగడమే తప్ప దారి కనిపించదు. నిజానికి ఆ ముగ్గురు డాక్టర్ల మాటల వెనక ఉన్న ప్రశ్న ఒకటే. పంటి లోపలి కండ ఎంతవరకు బతికి ఉంది? చిక్కంతా ఎక్కడంటే, పంటిని తెరవకుండా దానికి కచ్చితమైన జవాబు చెప్పే పరీక్ష లేదు.

పంటిలో ఉన్నది ఒక్క నరం కాదు

పన్నుకు పైన ఉండేది ఎనామెల్. ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. దాని కింద డెంటిన్. చూడటానికి గట్టిగానే ఉంటుంది కానీ దాన్నిండా కంటికి కనిపించని సన్న గొట్టాలు ఉంటాయి. మధ్యలో గది లాంటి చోటు, అక్కడి నుంచి వేర్ల లోపలికి దిగే సన్నటి కాలువలు. ఈ గదినీ కాలువలనూ నింపి ఉండే మెత్తని కండే పల్ప్.

మనం దీన్ని 'నరం' అనేస్తాం. "నరం తీసేశారు" అంటే దారం లాగేసినట్టు అనిపిస్తుంది. పల్ప్‌లో నరాలు ఉన్నమాట నిజమే కానీ వాటితోపాటు రక్తనాళాలు, రోగంతో పోరాడే కణాలు, కొత్తగా డెంటిన్ కట్టే కణాలు కూడా ఉంటాయి. పుచ్చు నెమ్మదిగా లోపలికి వస్తుంటే ఆ కణాలు లోపలి వైపు నుంచి అదనంగా గోడ కట్టుకుంటూ పోతాయి. పల్ప్‌కు తనను తాను కాపాడుకునే శక్తి ఉంది. దాన్ని తీయకుండా కాపాడాలనే వైద్యాలన్నీ ఈ శక్తి మీదే ఆధారపడతాయి.

దానికో బలహీనత కూడా ఉంది. మోచేతికి దెబ్బ తగిలితే వాచడానికి చోటుంటుంది. పల్ప్‌కు నాలుగు వైపులా గట్టి గోడలే. కాస్త వాచినా ఒత్తిడి పెరుగుతుంది, రక్తం వచ్చే దారి వేరు కొసన ఉన్న సన్న రంధ్రమే. అందుకే పల్ప్ ఒకసారి వాస్తే మొత్తం ఒక్కసారిగా ఊపిరాడక చచ్చిపోతుందని చాలాకాలం అనుకున్నారు. పీకిన పళ్లను పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే వేరే సంగతి తేలింది. పుచ్చు తగిలిన మూల చీము ఉన్నా, దానికి కొద్ది దూరంలో కండ మామూలుగానే కనిపించింది. చావు ఒక మూల మొదలై మెల్లగా కిందికి దిగుతుంది. ఈ ఒక్క విషయం మీదే ఇవాళ్టి వాదమంతా నిలబడి ఉంది.

పంటి పురుగు నుంచి బ్యాక్టీరియా దాకా

పుచ్చు పన్నులో పురుగు ఉంటుందనీ, మూలిక గింజల పొగ పడితే అది రాలిపోతుందనీ మన ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పేవారు. ఇది మన ఒక్కరి నమ్మకం కాదు. ప్రపంచంలో చాలా దేశాలు వేల ఏళ్లు దీన్నే నమ్మాయి. 1728లో ఫ్రాన్స్‌కు చెందిన పియరీ ఫషార్ తన దంతవైద్య గ్రంథంలో పురుగు సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు.

అసలు దోషి ఎవరో తేల్చి చూపించింది 1965లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎలుకల పళ్లకు పల్ప్ దాకా రంధ్రం చేసి అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో పల్ప్ చచ్చి చీము పట్టింది. అసలు సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం, ఆ రంధ్రంలో తిండి ఇరుక్కున్నా పల్ప్ బతికింది. పైగా రంధ్రానికి అడ్డంగా కొత్త డెంటిన్ కట్టుకుంది. పల్ప్‌ను చంపేది రంధ్రం కాదు, అందులోంచి దిగే బ్యాక్టీరియా. ఆ తర్వాత వచ్చిన ప్రతి చికిత్సా రెండు పనులే చేస్తుంది. బ్యాక్టీరియాను తీసేయడం, మళ్లీ రాకుండా గట్టిగా మూసేయడం. తేడా అంతా ఎంత కండ తీయాలన్న దగ్గరే.

జివ్వుమనడం వేరు, సలపడం వేరు

డాక్టర్లు పల్ప్ పరిస్థితిని మూడు మెట్లుగా చెబుతారు. మూడు ఊహా ఉదాహరణలతో చూద్దాం.

మియాపూర్‌లో ఉండే పాతికేళ్ల కుర్రాడికి చల్లటి నీళ్లు తాగితే పన్ను జివ్వుమంటుంది. గ్లాసు దించగానే రెండు మూడు క్షణాల్లో పోతుంది. దానంతట అది ఎప్పుడూ నొప్పి లేవదు. ఇది రివర్సిబుల్ పల్పైటిస్. అంటే పల్ప్ చికాకు పడింది, కారణం తీసేస్తే కోలుకుంటుంది.

మా అక్కది రెండో మెట్టు. వేడి తగిలితే పోటు, తగిలింది పోయాక కూడా నిమిషాలపాటు సలుపు, అర్ధరాత్రి దానంతటదే లేవడం. దీని పేరు ఇర్రివర్సిబుల్ పల్పైటిస్. వెనక్కి రాని వాపు అని అర్థం. ఈ పేరు గుర్తుంచుకోండి, గొడవంతా దీని చుట్టూనే ఉంది.

మూడో మనిషి యాభై దాటిన పెద్దాయన. ఆరు నెలల కింద విపరీతంగా నొప్పి వచ్చి, నాలుగు రోజులకు దానంతటదే పోయింది. తగ్గిపోయిందని సంతోషించారు. ఇప్పుడు ఆ పన్ను దగ్గర చిగురు మీద చిన్న పొక్కు, అప్పుడప్పుడు చీము. నొప్పి పోయింది తగ్గి కాదు, పల్ప్ చచ్చిపోయి. కాలువల్లోని ఇన్ఫెక్షన్ వేరు కొస దాటి ఎముకలోకి వెళ్లింది. మన ఇళ్లలో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నొప్పి ఆగడాన్ని జబ్బు పోవడమనుకుంటాం.

పరీక్షలు ఏం చెబుతాయి, ఎక్కడ తప్పుతాయి

చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పంటికి తాకించి చూస్తారు. పన్ను స్పందించకపోతే పల్ప్ చచ్చి ఉండొచ్చు, నొప్పి ఎక్కువసేపు నిలబడితే వాపు ముదిరి ఉండొచ్చు. కానీ ఈ పరీక్ష పలికించేది నరాన్ని. పల్ప్ బతుకు ఆధారపడేది రక్తం మీద. నరం పలికింది కాబట్టి రక్తం ఆడుతోందని ఊహించుకోవాల్సిందే. పంటిని మెల్లగా తట్టి చూడటం వేరు చుట్టూ వాపు ఉందో లేదో చెబుతుంది. ఎక్స్-రేలో పల్ప్ జబ్బు నేరుగా కనిపించదు. వేరు కొస దగ్గర ఎముక కొంత కరిగాకే నల్ల మచ్చ తేలుతుంది. కింది పన్ను నొప్పిని అదే వైపు పై పన్నుదని రోగి చూపించడం కూడా మామూలే.

మరి ఈ పరీక్షలతో చెప్పిన మాట ఎంతవరకు సరి? 2014లో రికూచి అనే పరిశోధకుడి బృందం 95 పళ్ల మీద దీన్ని చూసింది. ముందు మామూలు పరీక్షలతో నిర్ధారణ చేసి, ఆ పళ్లను తీశాక మైక్రోస్కోప్ కింద సరిచూశారు. కోలుకుంటుందన్నవాటిలో దాదాపు 97 శాతం నిర్ధారణ సరిపోయింది. వెనక్కి రాదన్నవాటిలో సుమారు 84 శాతమే. అంటే తీసేయాల్సిందే అనుకున్న ప్రతి ఆరింటిలో ఒకటి అంత పాడవలేదు. పైగా నిజంగా పాడైనవాటిలో కూడా ఆ పాడు పై గదిలోనే ఉండి, వేర్లలోని పల్ప్ చాలావరకు బాగానే ఉండొచ్చు.

తక్కువ తీయడం నుంచి మొత్తం తీయడం దాకా

మియాపూర్ కుర్రాడి సంగతి తేలిక. పూర్వం పుచ్చు మొత్తం తవ్వి తీసేవారు, ఆ తవ్వకంలో ఒక్కోసారి పల్ప్ బయటపడేది. ఇప్పుడు అంచుల దగ్గర శుభ్రంగా తీసి, పల్ప్‌కు దగ్గరగా ఉన్న మెత్తటి పొర కొంచెం వదిలేసి పైన గట్టిగా మూసేయడాన్ని సమర్థించేవారు ఎక్కువ. కింద చిక్కుకున్న బ్యాక్టీరియాకు తిండి అందదు, పల్ప్ తన గోడ తాను కట్టుకుంటుంది.

పల్ప్ చుక్కంత బయటపడితే దానిమీద మందు పెట్టి మూయడం పల్ప్ క్యాపింగ్. పై గదిలోని కండ తీసేసి వేర్లలోని దాన్ని బతకనివ్వడం పల్పాటమీ. వేరు కొస దాకా మొత్తం తీసేస్తే రూట్ కెనాల్.

పల్పాటమీలో అసలు తీర్పు చెప్పేది రక్తం. పై గదిలోని పల్ప్ తీసేశాక, కాలువల మొదట్లో బ్యాక్టీరియాను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో తడిపిన దూది ఉంచి కొన్ని నిమిషాలు ఆగుతారు. రక్తం ఆగితే కింద మిగిలిన కండ ఆరోగ్యంగా ఉందని లెక్క. పది నిమిషాలైనా ఆగకపోతే వాపు కిందికి దిగిందని అర్థం, అప్పుడు ఇంకా తీయాలి. మత్తు ఇవ్వకముందు ఏ పరీక్షా చెప్పలేనిది ఈ పది నిమిషాలు చాలావరకు చెబుతాయి. అందుకే కొందరు డాక్టర్లు ముందే "తెరిచి చూశాక చెబుతాను" అంటారు. రోగికి అది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. నా దృష్టిలో అదే నిజాయితీ గల మాట.

ఇక పైన పెట్టే మందు. 1920ల నుంచి దశాబ్దాలపాటు కాల్షియం హైడ్రాక్సైడ్ వాడారు. అది కాలక్రమంలో కరిగేది, కింద కట్టిన గోడలో సందులు మిగిలేవి. 1990ల మొదట్లో అమెరికాలో లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహ్మూద్ తొరాబినెజాద్ ఎంటీఏ అనే పదార్థాన్ని తెచ్చారు. ఇందులో ప్రధాన భాగం ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంట్ రకమే, వైద్యానికి తగ్గట్టు శుద్ధి చేసింది. తడిలోనే గట్టిపడుతుంది, రక్తం, లాలాజలం ఉండే నోటికి అది పెద్ద లాభం. మొదటి తరం ఎంటీఏ పంటి రంగు మార్చేది, గట్టిపడటానికి గంటలు పట్టేది. తర్వాత వచ్చిన బయోడెంటిన్ లాంటివి పావుగంట లోపే గట్టిపడతాయి. పెద్దవాళ్లలో పల్పాటమీ మాట మళ్లీ లేవడానికి సగం కారణం ఈ సిమెంట్లే.

రూట్ కెనాల్‌లో జరిగేది ఏమిటి

పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బర్ షీటు బిగిస్తారు. 1864 నుంచి ఉన్న పద్ధతి. ఉమ్ములోని బ్యాక్టీరియా మళ్లీ కాలువలోకి పోకుండా, మందునీళ్లు గొంతులోకి జారకుండా ఆపుతుంది. తర్వాత సన్నటి ఫైళ్లతో కాలువలను గీకి, హైపోక్లోరైట్‌తో కడుగుతారు. స్కాన్‌లలో చూస్తే, కాలువ గోడల్లో మూడో వంతుకు పైగా ఫైళ్లు తాకనే తాకవు. శుభ్రం చేసే పని ఎక్కువగా ఆ కడుగుడుదే. చివరికి గట్టాపెర్చా అనే చెట్టుపాలతో చేసిన పుల్లలు, సందులు మూసే సీలర్‌తో కాలువలు నింపేస్తారు.

కింది దవడ పన్నుకు సాధారణంగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. పై దవడ మొదటి పెద్ద పన్నులో దాక్కుని ఉండే నాలుగో కాలువ ఎంతోమంది డాక్టర్లకు చిక్కకుండా పోతుంది. ఒక్క కాలువ వదిలేసినా ఇన్ఫెక్షన్ మిగులుతుంది.

రూట్ కెనాల్ అంటే నరకం అనే భయం ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. బాగా వాచిన పల్ప్ ఉన్న కింది దవడ పన్నుకు మామూలు మత్తు ఇంజెక్షన్ ఒక్కోసారి సరిగా పనిచేయదు. మొదటి ఇంజెక్షన్‌తో ఆగి మొదలుపెడితే రోగి విలవిల్లాడతాడు, ఆ కథ బస్తీ అంతా తిరుగుతుంది. అదనపు ఇంజెక్షన్లకు పద్ధతులున్నాయి, సమయం తీసుకుంటే నొప్పి లేకుండా చేయొచ్చు. పై పన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. పంటి నరం వేరు, కంటి చూపు నరం వేరు. రూట్ కెనాల్ పన్ను ఒళ్లంతా జబ్బులు తెస్తుందనే వాదన కూడా వందేళ్ల కిందటిది. దాన్ని నమ్మి అప్పట్లో ఎందరికో మంచి పళ్లు పీకేశారు. తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు.

పెద్దవాళ్లకు పల్పాటమీయా, రూట్ కెనాలా?

రూట్ కెనాల్ వైపు ఉన్న బలం దశాబ్దాల అనుభవం. పాత అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, ఎక్స్-రేలో వేరు కొస పూర్తిగా మానితేనే విజయం అనే కఠిన లెక్కన 68 నుంచి 85 శాతం వచ్చింది. పన్ను నోట్లో నిలిచి పనిచేస్తే చాలనుకుంటే రెండు నుంచి పదేళ్లకు 86 నుంచి 93 శాతం. ఒకే చికిత్సకు ఒక డాక్టర్ ఎనభై అని, ఇంకొకరు తొంభై అని చెప్పడం ఈ రెండు లెక్కల తేడా. ఎముకలోకి ఇన్ఫెక్షన్ పోకముందే చేస్తే ఫలితం ఇంకా బాగుంటుంది.

దానివల్ల నష్టం లేకపోలేదు. పన్ను బోలుగా అవుతుంది, లోపలి నుంచి వచ్చే స్పర్శ పోతుంది. దవడ పళ్లయితే క్యాప్ వేయకపోతే విరిగే ప్రమాదం బాగా ఎక్కువ. అమెరికాలో 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, రూట్ కెనాల్ తర్వాత క్యాప్ లేని పళ్లు క్యాప్ ఉన్నవాటి కన్నా ఆరు రెట్లు ఎక్కువగా ఊడాయి. డబ్బులకు చూసుకుని క్యాప్ వాయిదా వేసి, ఏడాదికి పన్ను చీలి వచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు.

పల్పాటమీ పక్షం వాదన వినండి. ఒకే సిట్టింగ్‌లో అయిపోతుంది, ఖర్చు తక్కువ, వేర్లలో పల్ప్ బతికే ఉంటుంది కాబట్టి పన్ను తన రక్షణ తాను చూసుకుంటుంది. ఇరాన్‌లో చాలా కేంద్రాల్లో కలిపి చేసిన ఒక పెద్ద పరిశోధనలో, ఇర్రివర్సిబుల్ అన్న దవడ పళ్లకు కొందరికి పల్పాటమీ, కొందరికి రూట్ కెనాల్ చేశారు. ఐదేళ్లకు ఫలితాలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. 2019లో యూరప్ ఎండోడాంటిక్ (పల్ప్ వైద్య నిపుణుల) సంఘం, 2021లో అమెరికా సంఘం బతికున్న పల్ప్‌ను కాపాడే చికిత్సలకు చోటిస్తూ ప్రకటనలు చేశాయి. వెనక్కి రాదు అన్న ఆ పాత పేరునే మార్చాలనేవారు కూడా ఉన్నారు.

ఎదుటి పక్షం అనుమానాలు తీసిపారేసేవి కావు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ పళ్లు ఎలా ఉంటాయో చెప్పేంత సమాచారం పెద్దవాళ్లలో ఇంకా పోగవలేదు. కొన్ని పళ్లలో కాలువలు సున్నం పేరుకుని మూసుకుపోతాయి, రేపు రూట్ కెనాల్ కావాల్సి వస్తే దారి దొరకడం కష్టం. రబ్బర్ డ్యామ్ లేకుండా, నాసిరకం మందుతో చేస్తే విఫలమవుతుంది. పల్పాటమీ చిన్న పనిలా కనిపిస్తుంది కానీ శుభ్రత విషయంలో రూట్ కెనాల్ కన్నా తక్కువేమీ అడగదు.

నాకు అనిపించేది చెబుతాను. అన్ని సదుపాయాలూ ఉండి, ఆరు నెలలకూ ఏడాదికీ తిరిగొచ్చి ఎక్స్-రే తీయించుకునే రోగి అయితే పల్పాటమీ గట్టి అవకాశమే. నొప్పి పోగానే క్లినిక్ వైపు చూడని మనిషికి అదే చికిత్స జూదం. పెద్దాయన చిగురు మీద పొక్కు ఉన్న పన్నుకు మాత్రం ఈ చర్చే లేదు. అక్కడ బతికించడానికి కండ లేదు. రూట్ కెనాల్ గానీ పీకడం గానీ.

పిల్లల పళ్ల లెక్క వేరు

ఆరేళ్లకు వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను వేరు పూర్తవడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది. ఈలోగా పల్ప్ చనిపోతే వేరు పొట్టిగా, గోడలు పల్చగా అలాగే ఆగిపోతాయి. అందుకే బడిలో ఆడుతూ ముందు పన్ను విరగ్గొట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్లాడిలో పల్ప్ బయటపడితే, పైన రెండు మిల్లీమీటర్ల కండ మాత్రమే తీసి మందు పెడతారు. 1978లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశోధనలో 60 పళ్లకు ఇలా చేస్తే 96 శాతం మానాయి. ఇక్కడ పల్ప్‌ను కాపాడాలా అన్న విషయంలో డాక్టర్ల మధ్య భేదం లేదు.

పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా అని చాలామంది వదిలేస్తారు. వెనక పాలపన్ను పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఐదేళ్లకే పీకేస్తే పక్క పళ్లు ఆ చోటులోకి వంగి, కింద నుంచి వచ్చే పన్నుకు దారి ఉండదు. పాలపళ్లలో పల్పాటమీ ఎప్పటినుంచో ఉంది. అప్పట్లో ఫార్మోక్రెసాల్ మందు వాడేవారు. అందులో ఫార్మాల్డిహైడ్ ఉందన్న ఆందోళనతో ఇప్పుడు ఎంటీఏ వైపు మొగ్గు.

మందుల షాపు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు

పంటి నొప్పి రాగానే మనలో చాలామంది చేసే పని మందుల షాపుకు వెళ్లి అమోక్సిసిలిన్ అడగడం. మందు పన్ను దాకా చేరేది రక్తం ద్వారా. చచ్చిన పల్ప్‌లో రక్తం ఆడదు, అక్కడికి మందు చేరదు. బతికి వాచిన పల్ప్‌లో నొప్పి వాపు వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్ని తగ్గించదు. జ్వరం లేకుండా పన్ను వరకే ఉన్న నొప్పికి, వైద్యం అందుబాటులో ఉంటే యాంటీబయాటిక్ వద్దని అమెరికా డెంటల్ అసోసియేషన్ 2019లో సూచించింది. ముఖం వాచి, జ్వరం వచ్చి, ఇన్ఫెక్షన్ పాకుతుంటే అవసరమే. దవడ కింద రెండువైపులా గట్టిగా వాచి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. డెంటల్ క్లినిక్ కాదు, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ చూసే కేసు.

పీకమన్న డాక్టర్ మాట

మూడో డాక్టర్ చూసింది పల్ప్‌ను కాదు, గోడను. కాలువలు ఎంత బాగా శుభ్రం చేసినా, క్యాప్ పట్టుకోవడానికి చిగురు పైన చుట్టూ సుమారు రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను కావాలి. అది లేకపోతే, లేదా వేరు నిలువునా చీలి ఉంటే, చేసిన వైద్యం నిలవదు. అప్పుడు పీకడమే సరి. కాపాడగలిగిన పన్నుకు రూట్ కెనాల్, పీకిన చోట ఇంప్లాంట్ రెండూ నిలిచే కాలంలో పెద్ద తేడా లేదని సమీక్షలు చెబుతున్నాయి. ఖర్చులో, ఆపరేషన్‌లో తేడా ఉంది. షుగర్ అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి ఇంప్లాంట్ అతుక్కోవడం కష్టం.

అక్క చివరికి ఒక ఎండోడాంటిస్ట్ దగ్గరికి వెళ్లింది. ఆయన ముందుగా పుచ్చు తీసి గోడ కొలిచారు. ఒకవైపు తక్కువే కానీ క్యాప్ నిలవడానికి సరిపోతుందన్నారు. పల్పాటమీకి, రూట్ కెనాల్‌కు రెండింటికీ ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం తీసుకున్నారు. రబ్బర్ డ్యామ్ వేసి పై గది తెరిచారు. రెండు కాలువల్లో నాలుగు నిమిషాలకు రక్తం ఆగింది. మూడోదాంట్లో పది నిమిషాలైనా ఆగలేదు. దాంతో అదే సిట్టింగ్‌లో మూడు కాలువలూ శుభ్రం చేసి, రూట్ కెనాల్ పూర్తి చేశారు. క్యాప్ వచ్చే వారం. వేరు కొస దగ్గర ఎముక ఎలా ఉందో చూసే మొదటి ఎక్స్-రే ఆరు నెలల తర్వాత.